విదేశం పోయే నర్సు చెల్లెకు ఉల్టా సలహాలు

బషీరాబాద్ మండలంలో నర్సింగ్ చదివిన పిల్లకు వీసా వచ్చిందంటే చాలు, తాండూరు దాకా సలహాలే సలహాలు. "అక్కడ నర్సులే మందులు రాస్తారంట, ఇక నువ్వు సగం డాక్టరువే" అని మేనమామ. "సూట్‌కేసు నిండా గోళీలు పెట్టుకో" అని పెద్దమ్మ. "పోయిన ఏడాదికే కోర్సు చేసెయ్" అని సీనియర్. నేను అన్నిటికీ ఉల్టా చెబుతాను. తలతిక్క మాటలనిపించినా సరే చెల్లె, ప్రతి మాటా మనసులోంచి చెబుతున్నదే.

మందు రాసే అధికారం కోసమే అయితే విమానం ఎక్కకు. గల్ఫ్‌లో వార్డు నర్సు చేతికి ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ ఇవ్వరు. అమెరికాలో ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష పాసైనా నువ్వు రిజిస్టర్డ్ నర్సువే. మందు రాసేది నర్స్ ప్రాక్టీషనర్. ఆ చదువు 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టారు. ఇవాళ దానికి పీజీ స్థాయి చదువు కావాలి. అది పూర్తయ్యాక కూడా కొన్ని రాష్ట్రాల్లో సొంతంగా రాయొచ్చు, కొన్నింట్లో డాక్టరుతో ఒప్పందం ఉండాలి. బ్రిటన్‌లో 1992 చట్టంతో నర్సులు రాసే చిన్న మందుల జాబితాకు తలుపు తెరుచుకుంది. బీఎన్‌ఎఫ్ అనే అక్కడి మందుల పుస్తకంలోని దాదాపు అన్ని మందులకూ అధికారం రావడానికి 2006 మే దాకా పట్టింది, నియంత్రిత మందులకు 2012 దాకా. ఐర్లాండ్‌లో 2007లో వచ్చింది. ఆస్ట్రేలియాలో రిజిస్టర్డ్ నర్సులు అదనపు అర్హతతో, డాక్టరు లేదా నర్స్ ప్రాక్టీషనర్ భాగస్వామ్యంలో మందులు రాసే ఏర్పాటు 2025 సెప్టెంబరు 30న అమల్లోకి వచ్చింది. దానికీ 5,000 గంటల పని అనుభవం చూపించాలి. ఎక్కడ చూసినా ఆ అధికారం రెండో చదువుతో వచ్చింది, వీసాతో రాలేదు.

రెండో మాట అందరికంటే మీ అమ్మకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. పారాసిటమాల్ ఇవ్వడానికి కూడా అడుగు. ఇక్కడ నువ్వేం చేశావో నాకు తెలుసు. కర్ణాటక హద్దు ఊళ్లో పొద్దుగూకాక నాపరాయి పాలిషింగ్ పని నుంచి వచ్చిన మనిషి దగ్గుతూ నిలబడితే, డాక్టరు తాండూరులో ఉంటే, గోళీ ఇచ్చింది నువ్వే. ఎంత ఇవ్వాలో, ఎవరిని పెద్దాసుపత్రికి తోలాలో తేల్చిందీ నువ్వే. మందు రాయడం అంటే అదే. కానీ షెడ్యూల్ హెచ్ మందుకు డాక్టరు చిట్టీ కావాలంటుంది మన చట్టం. బరువు నీ మీద, పేరు కాగితం మీద లేదు. ఆ అనుభవాన్ని తక్కువ చేసుకోకు. అలాగని దాన్ని పట్టుకుని లండన్ వార్డులో "మా దగ్గర నేనే ఇచ్చేదాన్ని" అనకు.

ఎందుకో చూడు. తలనొప్పంటూ ఒక ముసలమ్మ బెల్లు కొట్టింది. మంచం పక్క సంచిలో ఇంటి నుంచి తెచ్చుకున్న కో-కోడమాల్ ఉంది, పొద్దున రెండు వేసుకుంది. ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. నువ్వు ఇంకో గ్రాము ఇస్తే రెండు గ్రాములు. పైగా ఆమె బరువు 42 కిలోలు. యాభై కిలోల లోపు వాళ్లకు మోతాదు తగ్గించాల్సి రావొచ్చు. ఇవన్నీ డ్రగ్ చార్టు ముందు నిలబడి అడిగితేనే బయటికొస్తాయి. అక్కడ చార్టు మీద రాసి ఉండాలి, లేదా పీజీడీ లాంటి రాతపూర్వక అనుమతి కింద నీ పేరు ఉండాలి. "ఇంత చిన్నదానికి అడుగుతుందేంటి" అని ఎవరైనా నవ్వితే నవ్వనీ.

బ్రాండ్ పేర్లు బషీరాబాద్‌లోనే వదిలెయ్. మోనోసెఫ్ అంటే సెఫ్ట్రియాక్సోన్, ఎమెసెట్ అంటే ఆన్‌డాన్‌సెట్రాన్ అని తిరగ నేర్చుకో. అమెరికాకు పోతే పారాసిటమాల్ అసిటమినోఫెన్ అవుతుంది, సాల్‌బ్యుటమాల్ ఆల్‌బ్యుటెరాల్ అవుతుంది. 5.0 అని ఎప్పుడూ రాయకు. చుక్క కనబడకపోతే యాభై అవుతుంది.

ఇక సీనియర్ చెప్పిన కోర్సు సంగతి. బ్రిటన్‌లో వీ300 అనే ప్రిస్క్రైబింగ్ కోర్సుకు మునుపు మూడేళ్ల అనుభవం అడిగేవాళ్లు, 2019 నుంచి ఏడాది చాలన్నారు. నా మాటేమో, ఏడాదికి చేరకు. మొదటి ఏడాదంతా ఓస్కీ పరీక్ష, నర్సు రిజిస్ట్రేషన్ పిన్ నంబరు, ఆ ఊరి ఇంగ్లిషు యాస, చలి వీటికే సరిపోతుంది. ఒక విభాగం ఎంచుకో, మధుమేహమో, గుండె వైఫల్యమో. అందులో రోజూ వాడే మందులు పది పదిహేను ఉంటాయి. ఏది ఎవరికి పడదో, ఏది ఎప్పుడు ఆపాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. అప్పుడు చేరు. కొత్త మందు రాయడం కంటే, తొమ్మిది గోళీలు మింగుతున్న ముసలాయనకు వాటిలో ఏ రెండు ఆపొచ్చో డాక్టరుతో కూర్చుని తేల్చడం కష్టమైన పని. దాన్ని ముందు నేర్చుకో. కోర్సు పూర్తయ్యాక కూడా నీకు పట్టులేని మందు రాయమని మేనేజరు అడిగితే "ఇది నా పరిధిలో లేదు" అను. పిన్ నీది, పోతే నీదే పోతుంది. డాక్టరు సంతకం వెనక దాక్కునే వీలు ఆ రోజుతో అయిపోతుంది.

గోళీల సూట్‌కేసు వద్దు. యూఏఈకి ట్రమడాల్, కోడీన్ కలిసిన మందులు ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే జైలు దాకా పోతుంది. నీకు రోజూ వాడే మందు ఉంటే డాక్టరు చిట్టీతో, అసలు ప్యాకెట్‌లోనే తీసుకుపో.

వాట్సాప్‌లో బంధువులు రిపోర్టు ఫొటో పెట్టి "ఏ గోళీ వేసుకోవాలె" అంటారు. పేరు చెప్పకు. రాయి గుండెదానివనుకుంటారు. అయినా చెప్పకు. ఎప్పటి నుంచి నొప్పి, చెమటలు పట్టాయా, చెయ్యి లాగుతుందా అని అడుగు. అవునంటే 108కు ఫోన్ చేయించి, వాళ్లు బండెక్కేదాకా లైన్‌లో ఉండు. బ్రిటన్ నర్సుల నియమావళే సొంతవాళ్లకు మందు రాయడం వీలైనంత మానుకోమంటుంది. నీ వీ300కు తాండూరు మెడికల్ షాపులో విలువ లేదు.

విలువ ఉండాల్సిందని మాత్రం నేను గట్టిగా అంటాను. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్ ప్రాథమిక వైద్యంలో కొద్దిపాటి మందులు సొంతంగా రాయడానికి మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందికి పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చంది. 2017లో కరీంనగర్‌లో మన ప్రభుత్వమే ఫెర్నాండెజ్ ఆసుపత్రి వాళ్లతో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. నర్సును నమ్మడం మనకు చేతకానిదేం కాదు. పల్లె దవాఖానాలో చేస్తున్న పనికి చట్టంలో ఆమె పేరు రాయాలి, కాగితం మీద మోతాదు హద్దులు రాయాలి.

ఏజెంటు "పోగానే మందులు రాసే ఉద్యోగం" అంటే ఆ మాట కాగితం మీద అడుగు, రాయడు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ప్రభుత్వ దారి కావాలంటే హైదరాబాద్‌లో టామ్‌కామ్ ఉంది, మొదట అక్కడ అడుగు. వెళ్లాక కూడా తెలంగాణ నర్సుల కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూనే ఉండు. రేపు ఇంకో దేశానికి మారినా, తాండూరుకు తిరిగొచ్చినా మొదట అడిగేది ఆ కాగితమే.