దొరగారు చెయ్యెత్తారు

పాలస్తీనా అనే దేశం ఒకటుందని బ్రిటన్ కనిపెట్టింది. 2025 సెప్టెంబర్ 21న ప్రధాని కీర్ స్టార్మర్ వీడియోలో ఆ ముక్క ప్రకటించారు. ముప్పై ఏళ్ల పాటు ఆ నేలను ఏలింది ఈ ప్రభుత్వమే. అక్కడి నాణేల మీద, తపాలా బిళ్లల మీద, పాస్‌పోర్టుల మీద 'పాలస్తీనా' అని అచ్చేయించింది కూడా ఇదే. గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది, అంతే. అప్పటికి 140కి పైగా దేశాలు గుర్తుపట్టేశాయి. మనం 1988లోనే పట్టేశాం.

అయినా ఊరికే గుర్తుపట్టారా? అంతకు ముందు జులై 29న దొరగారు ఒక షరతు పెట్టారు. ఆ షరతును తీరిగ్గా చదవాలి, ఎందుకంటే దౌత్యశాస్త్రంలో ఇలాంటి మణి మళ్లీ దొరకదు. ఇజ్రాయెల్ కాల్పులు ఆపడానికి ఒప్పుకోకపోతే, గాజాలో జరుగుతున్న ఘోరాన్ని ముగించే చర్యలు తీసుకోకపోతే, వెస్ట్ బ్యాంక్‌ను కలిపేసుకోబోమని మాటివ్వకపోతే, అప్పుడు సెప్టెంబర్‌లో పాలస్తీనాను గుర్తిస్తాం అన్నారు. తిరగేసి చూడండి. ఇజ్రాయెల్ బుద్ధిగా ఉంటే పాలస్తీనాకు గుర్తింపు లేదు, మొండికేస్తే ఉంది. ఒక జాతి పుట్టుహక్కు మరొక ప్రభుత్వానికి వేసే జరిమానా అయింది. గాజాలో గోధుమపిండి కోసం వరసలో నిలబడ్డ మనిషి తనకో దేశం కావాలనుకుంటే, తన మీద బాంబులు ఆగకూడదని కోరుకోవాలన్నమాట. ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు గారు ఎలాగూ ఎవరి మాటా వినే రకం కాదు. ఆయన మొండితనం పుణ్యమా అని పాలస్తీనా వాళ్లు గట్టెక్కారు. దౌత్యభాషలో మాత్రమే సుమా.

అదే రోజు న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితి సదస్సులో, అప్పటి విదేశాంగ మంత్రి డేవిడ్ లామీ ఈ వ్యవహారంలో తమ దేశానికి ప్రత్యేక బాధ్యత ఉందన్నారు. చరిత్ర తమ భుజాల మీద చెయ్యి వేసిందని కూడా అన్నారు. చరిత్ర చెయ్యి వేసి చాలా కాలమైంది. పైకి లేవనిది దొరగారి చెయ్యే.

ఆ బాధ్యత కథ 1917 నవంబర్ 2న మొదలైంది. విదేశాంగ మంత్రి ఆర్థర్ బాల్ఫోర్, బ్రిటన్ యూదుల నాయకుడు లార్డ్ రోత్‌షీల్డ్‌కు ఒక ఉత్తరం రాశాడు. అసలు ప్రకటన 67 మాటలు. అందులో యూదులకు 'జాతీయ నివాసం' ఉంది. ఆ నేల మీద పదిమందిలో తొమ్మిదిమందిగా ఉన్న అరబ్బులకు పేరు కూడా లేదు. 'యూదేతర సముదాయాలు' అని ఓ మూల పడేసి, వాళ్ల పౌర, మత హక్కులకు భంగం రాదన్నారు. రాజకీయ హక్కుల ఊసే లేదు. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటారు కదా, ఇక్కడ అల్లుడికి ఇంకా పెళ్లి కూడా కాలేదు. ఆ ఉత్తరం రాసేనాటికి జెరూసలేం తుర్కుల చేతిలోనే ఉంది. జనరల్ అలెన్‌బీ అక్కడ అడుగుపెట్టింది డిసెంబర్‌లో.

కేబినెట్ స్థాయి మంత్రుల్లో ఉన్న ఒకే ఒక్క యూదుడు ఎడ్విన్ మాంటేగు ఈ ప్రకటనను గట్టిగా వ్యతిరేకించాడు. మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలని మనం పరీక్షల కోసం బట్టీ పట్టిన ఆ మాంటేగే. చివరి నిర్ణయం జరిగేసరికి ఆయన ఓడెక్కి మన దేశానికి వస్తున్నాడు. 1919లో బాల్ఫోర్ ఒక మెమోలో, అక్కడి జనాన్ని మాటవరసకు కూడా అడిగే ఉద్దేశం మాకు లేదని రాసుకున్నాడు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. ఈ కాలపు దొరలైతే ముందు సంప్రదింపుల కమిటీ వేసేవారు.

ఏలినన్నాళ్లూ ఏం చేశారంటే, మన దగ్గర నేర్చుకున్నది అక్కడ వాడారు. 1936 నాటి అరబ్బుల తిరుగుబాటును అణచడానికి, బెంగాల్ విప్లవకారుల్ని వేటాడిన కలకత్తా పోలీసు కమిషనర్ చార్లెస్ టెగార్ట్‌ను తీసుకెళ్లారు. ఆయన కట్టించిన కాంక్రీటు ఠాణాలు కొన్ని ఇజ్రాయెల్ పోలీసులకు ఇప్పటికీ పనికొస్తున్నాయి. 1945 నాటి అత్యవసర నిబంధనలు కూడా అంతే. ఇళ్లు కూల్చడానికి ఇజ్రాయెల్ వాటినే చూపిస్తుంది. బ్రిటిష్ పనితనం మన్నికైనది.

ఇక వాళ్ల అసలు విద్య, ఓటెయ్యకుండా కూర్చోవడం. 1947 నవంబర్ 29న ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజన తీర్మానం 33-13తో నెగ్గింది. 10 దేశాలు తటస్థం. ఆ పదింటిలో, ఆ నేలను అప్పటికి స్వయంగా ఏలుతున్న దేశం ఒకటుంది! స్వాతంత్ర్యం వచ్చి నాలుగు నెలలైనా నిండని మనం మాత్రం చెయ్యెత్తాం, వద్దని. మరుసటి మే నెలలో దొరలు మూట కట్టుకున్నారు. ఆఫీసు తాళాలు ఎవరికిస్తారని అడిగితే, గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టా కింద పెట్టి పోతానని చీఫ్ సెక్రటరీ హెన్రీ గర్నీ అన్నాడని చెప్పుకుంటారు. ఆ రోజుల్లోనే ఇళ్లు వదిలిన ఏడు లక్షల పైచిలుకు పాలస్తీనీయుల్లో ఎందరో తాళంచెవులు వెంట తీసుకెళ్లారు. పట్టా కింద పెట్టేంత నమ్మకం వాళ్లకు లేకపోయింది.

తర్వాత 2012లో ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనాకు పరిశీలక దేశం హోదా ఇచ్చే ఓటింగ్: బ్రిటన్ తటస్థం. 2014లో సొంత పార్లమెంటే 274-12తో గుర్తించమంది, మంత్రులు తటస్థం. 2024 ఏప్రిల్‌లో భద్రతామండలిలో పూర్తి సభ్యత్వం: తటస్థం. సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్ ఆక్రమణను ఏడాదిలో ముగించాలన్న తీర్మానం: తటస్థం. ఈ చివరిదాంట్లో మనమూ ఆ వరసలోనే కూర్చున్నాం. 1947లో చెయ్యెత్తిన వాళ్లమే. గురువుగారి విద్య ఆలస్యంగానైనా అబ్బింది.

గుర్తింపైతే అయిపోయింది, ఇంకేం కావాలి అంటారా? ఆయుధాల సంగతి చూడండి. 2024 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్‌కు ఆయుధాల లైసెన్సులు ఆపారు: సుమారు 350లో 30. అందులోనూ ఎఫ్-35 విమానాల విడిభాగాలు అంతర్జాతీయ ఉమ్మడి నిల్వకు వెళ్తాయి కాబట్టి మినహాయింపు. నిల్వలోంచి ఎటు పోతాయో దొరగారికి తెలియదు. తెలుసుకోవాలన్న కుతూహలమూ లేదు.

గుర్తింపు వచ్చిన ఆ నెలలోనే కొందరు పాలస్తీనీయులు క్షమాపణ, పరిహారం కోరుతూ బ్రిటన్‌కు అర్జీ పెట్టారు. వాళ్లలో నాబ్లూస్ వ్యాపారి మునీబ్ అల్ మస్రీ ఉన్నారు. వయసు తొంభై దాటింది. పిల్లాడిగా ఉన్నప్పుడు బ్రిటిష్ సైనికుల తూటా తగిలింది. క్షమాపణ గురించి బ్రిటన్ 2017లోనే తేల్చేసింది: ఆ ఉత్తరానికి నూరేళ్లు నిండినప్పుడు, లండన్ లాంకాస్టర్ హౌస్‌లో నెతన్యాహుతో కలిసి విందులో కూర్చుని, గర్వంగా ఉందని చెప్పుకుంది. 67 మాటల ప్రకటనను కాస్త దిద్దడానికే దాదాపు 108 ఏళ్లు పట్టింది. ఈ పెద్దాయన బృందం ఏకంగా 400 పేజీలకు పైగా ఇచ్చింది.