ఊడిన నాలుక తర్వాతి వెర్షన్‌లో!

శ్రీహరికోటలో రాకెట్ ఎగరాలంటే ముందు సముద్రం ఖాళీ కావాలి. ఫలానా రోజు, ఫలానా వేళ ఆ వైపు వేటకు పోవద్దని జాలర్లకు కబురందుతుంది. కింద ఎవరూ లేరని తేల్చుకున్నాకే పైకి వదులుతారు. తూర్పున బంగాళాఖాతం, పడమట పులికాట్ ఉన్న ఈ దీవిని 1969లో ఏరికోరి ఎంచుకోవడంలో ఆ ముందుచూపూ ఉంది. గురి తప్పితే నీళ్లలో పడాలి గానీ మనుషుల నెత్తిన కాదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఇంత చాదస్తం లేదు. వాళ్ల ప్రయోగం మీరు నిద్రపోయాక, ఫోన్ చార్జింగ్‌లో ఉండగా, మీ తలగడ పక్కనే జరిగిపోతుంది. తెల్లారేసరికి, నిన్నటిదాకా వేలు దానంతటదే వెళ్లే చోట బటన్ ఉండదు. మీ సౌకర్యం కోసమే తీసేశామన్న శుభవార్త ఉంటుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది పాత సామెత. ఇప్పటి వైద్యులు ఒకడుగు ముందున్నారు. ఊడిన నాలుక తర్వాతి వెర్షన్‌లో వస్తుందట, అందాకా సైగలతో సర్దుకోవాలట!

2012లో మైక్రోసాఫ్ట్ విండోస్ 8 తెచ్చి, పదిహేడేళ్లుగా జనం నొక్కుతున్న స్టార్ట్ బటన్‌ను ఎత్తేసింది. గోల పెడితే మరుసటేడు బటన్ తిరిగొచ్చింది. నొక్కితే మాత్రం పాత మెనూ రాలేదు. దానికోసం 2015లో విండోస్ 10 దాకా ఆగాల్సొచ్చింది. సోనోస్ అనే స్పీకర్ల కంపెనీ 2024 మే నెలలో యాప్‌ను కొత్తగా రాసి వదిలితే, స్లీప్ టైమర్ మాయం, పాటల వరుస మార్చుకునే వీలు మాయం. ఇలాంటి పనికి ధైర్యం కావాలని అక్కడి పెద్ద ఒకాయన సెలవిచ్చారు. నిజమే, పరాయివాడి స్పీకర్ మీద చూపే ధైర్యానికి హద్దేముంది? రెండు నెలలకు సీఈఓ క్షమాపణ చెప్పారు, 2025 జనవరిలో కుర్చీ దిగారు.

ఇటు శ్రీహరికోటలో పిరికివాళ్లను చూడండి. 2001 మార్చి 28న తొలి జీఎస్‌ఎల్‌వీ రాకెట్‌కు అగ్గి అంటుకున్నాక, ఒక ఇంజిన్ చాలినంత బలం చూపలేదని కంప్యూటర్ ఆఖరి సెకనులో ఆపేసింది. 21 రోజుల తర్వాతే అది ఎగిరింది. 2019 జులై 15న రాష్ట్రపతి వచ్చి కూర్చున్నా సరే, చంద్రయాన్-2ను ఇంకా 56 నిమిషాలుండగా నిలిపేశారు. మన యాప్ వీరులైతేనా? ముందు వదిలేసి, ఇంధనం ట్యాంకును వచ్చే నెల అప్‌డేట్‌లో పంపేవారు.

కోటలోనూ సాఫ్ట్‌వేర్ పప్పులో కాలేసింది. 2022 ఆగస్టు 7న చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలిసారి ఎగిరినప్పుడు, రెండో దశ విడిపోయే కుదుపుకు సెన్సర్లు లిప్తపాటు తడబడ్డాయి. అవి పాడయ్యాయని సాఫ్ట్‌వేర్ తీర్మానించేసుకుంది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సిన ఉపగ్రహాలు, 76 కిలోమీటర్ల దాకా దిగే కక్ష్యలో చిక్కి రాలిపోయాయి. అవి ఇక పనికిరావని ఇస్రో ఆ రోజే చెప్పేసింది. భూమికి మరింత చేరువగా సరికొత్త కక్ష్య అని ప్రకటన వేసుకోలేదు. కారణం వెతికింది, దిద్దుకుంది, 2023 ఫిబ్రవరి 10న గెలిచింది.

అయ్యా, అప్‌డేట్ ప్రభువులారా! ఎగిరిన రాకెట్‌ను వెనక్కి పిలవలేరు కాబట్టి వాళ్లు అన్నిసార్లు ఆగి చూసుకుంటారు. మీకు ఆ ఇబ్బందే లేదు. పాత వెర్షన్ మీ సర్వర్లోనే పదిలంగా ఉంది, ఒక్క మీట ఇస్తే మా తిప్పలు తీరతాయి. అయినా ఇవ్వరు. పాతది చేతికందితే మీ కొత్తదాన్ని ఎవడూ ముట్టడని మాకంటే ముందు తెలిసింది మీకే!