ఫ్యాను బందు పెట్టిన పాపం

మే నెల, నల్లగొండ, మధ్యాహ్నం రెండున్నర. డాబా ఇంటి గోడ మీద చెయ్యి ఆనిస్తే చురుక్కుమనే వేళ. నేను లేచి వెళ్లి సీలింగ్ ఫ్యాను ఆపాను.

"కరెంటు పోయిందా?" అంది మా ఆవిడ కళ్లు తెరవకుండానే.

"లేదు, నేనే బందు చేసిన. రెండు నిమిషాలు. ఫ్యాను సప్పుడుకు పాట సరిగ్గ వినవడ్తలేదు."

ఆమె లేచి కూర్చుంది. మా అమ్మాయి చాప మీది నుంచి తల ఎత్తి చూసింది. ఇద్దరి నుదుటి మీదా అప్పుడే చెమట మొదలైంది.

"చెవులకు గంతగంత డిప్పలు తగిలిచ్చుకున్రు. ఇంకా ఫ్యానెట్ల వినవడ్తది?"

న్యాయమైన ప్రశ్న. జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నవాణ్ని, కొనేముందు నేను వేసుకోవాల్సిన ప్రశ్న. ఆ డిప్పలకు వెనకవైపు మూత ఉండదు, జాలీ ఉంటుంది. లోపలి పాట బయటికి పోతుంది, బయటి ఫ్యాను, కుక్కరు విజిలు, వీధిలో పాత ఇనుము కొనేవాడి కేక లోపలికి వస్తాయి. అలా తెరిచి ఉంచితేనే పాట పందిట్లో కూర్చుని విన్నంత విశాలంగా ఉంటుందని దాన్ని తయారుచేసినవాళ్ల లెక్క. వాళ్ల ఇళ్లలో మే నెల ఉండదు కాబోలు.

ఇదంతా చెప్పే ధైర్యం నాకు లేదు. ఎందుకంటే ఆ హెడ్‌ఫోన్ నాది కాదని అప్పటికే చెప్పి ఉన్నాను. "మా జువాలజీ సారుది. రిపేరుకిచ్చిండు" అన్నాను పార్సిల్ వచ్చిన రోజు. ఫిజిక్స్ చెప్పేవాడికి ఈ అబద్ధం బాగా అతుకుతుంది. ఊళ్లో సగంమంది మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు నా దగ్గరికి అలాగే వస్తాయి.

వచ్చింది హైఫైమాన్ కంపెనీ హెచ్‌ఈ-6, సెకండ్‌హ్యాండ్. ప్లేనార్ మాగ్నెటిక్ రకం. మామూలు హెడ్‌ఫోన్‌లో ఉండేది చిన్న సైజు స్పీకరే: తీగచుట్ట, దానికి అంటుకున్న గిన్నె. ప్లేనార్‌లో గిన్నె ఉండదు. వడియాలు పెట్టే పాలిథిన్ కాగితం కన్నా ఎన్నో రెట్లు పల్చటి పొర ఉంటుంది. దాని మీద మెలికల ముగ్గులాగా లోహపు గీత, పొరకు అటూ ఇటూ అయస్కాంతపు కడ్డీల వరసలు. గీతలో కరెంటు పారితే పొర మొత్తం ఒక్కసారిగా ఊగుతుంది. కొత్త విద్యేమీ కాదు, యమహా వాళ్లు 1976లోనే హెచ్‌పీ-1 పేరుతో ఇలాంటిది అమ్మారు. కానీ హెచ్‌ఈ-6కు ఒక ప్రత్యేకమైన పేరుంది. దానంత మొండిఘటం ఇంకోటి దొరకడం కష్టమని. ఎవరూ లొంగదీయలేని ఎద్దును సంతలో చూసి, నేను దున్నిస్తానని కొనుక్కొచ్చే రైతు ఒకడుంటాడు గదా ప్రతి ఊళ్లో. మా ఇంటికి వాణ్ని నేను.

మా ఆవిడ దాన్ని చేత్తో ఎత్తి చూసి, నేరుగా వంటింట్లోకి తీసుకుపోయి కాటా మీద పెట్టింది. 502 గ్రాములు. "జువాలజీ అన్న అర కిలో పప్పు నెత్తిన పెట్టుకొని పాటలింటడా?" అని అడిగింది. ఆయన మెడ గట్టిది అన్నాను.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫోనుకు తగిలించాను. సౌండు పూర్తిగా పెంచాను. పెట్టింది కిన్నెర పాట. పాలమూరు వైపు నుంచి వచ్చి 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెరంటే నాకు ప్రాణం. మా ఆవిడది కూడా పాలమూరే కాబట్టి, ఈ అభిమానంలో కొంత రాజకీయం కూడా ఉంది. ఆ రాత్రి మొగులయ్యగారు పక్క ఊళ్లో, తలుపులేసుకుని వాయిస్తున్నట్టు వినిపించింది.

అప్పుడు కాగితం, కలం తీశాను. కొన్నాక తీశాను, అదీ నా చదువు. ఒక మిల్లీవాటు ఇస్తే ఈ మహానుభావుడు చేసే సౌండు 83.5 డెసిబెల్స్. బజార్లో దొరికే మామూలు ఇయర్‌ఫోన్లు అదే మిల్లీవాటుకు నూరు దాటిస్తాయి. డెసిబెల్ లెక్క వడ్డీ వ్యాపారిలాంటిది: మూడు పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి, పది పెరగాలంటే పదింతలు. కరెంటుకు ఇది పెట్టే అడ్డం 50 ఓములు. ఫోను చివర పెట్టే చిన్న డాంగిల్ ఒక వోల్టు ఇస్తుందనుకుంటే 50 ఓముల మీద వచ్చేది 20 మిల్లీవాట్లు. అంటే గట్టిగా అరిచినా 96 దగ్గర ఊపిరి అయిపోతుంది. పాట మామూలుగా నడవడానికి అది చాలు. కానీ డప్పు మీద ఒక్క దెబ్బ పడేటప్పుడు లేచే శబ్దం, పాట మామూలు స్థాయి కన్నా ఇరవై డెసిబెల్స్ పైకి పోతుంది. ఆ దెబ్బ ధారాళంగా పలకాలంటే ఒక వాటు వరకు చేతిలో ఉండాలి: ఏడు వోల్టులు, 140 మిల్లీ ఆంపియర్లు. మా దిక్కు భాషలో చెప్పాలంటే, నాలుగొందల అడుగుల బోరులో అర హెచ్‌పీ మోటరు దించి నీళ్లు రాలేదని ఏడుస్తున్నాను.

మోటరు మార్చాలి. మొదట అరచేతిలో పట్టే చౌక ఆంప్లిఫయర్ బోర్డు ఒకటి తెప్పించాను. చూడ్డానికి అగ్గిపెట్టె, వాట్లు మాత్రం బోలెడు. మామూలు హెడ్‌ఫోన్ పిన్నులో కుడి, ఎడమలకు మైనస్ తీగ ఒకటే. ఈ రకం బోర్డుల్లో చాలావాటికి కుడి మైనస్ వేరు, ఎడమ మైనస్ వేరు, రెండింట్లోనూ సిగ్నల్ పారుతుంది, కలపకూడదు. ఈ సంగతి నాకు తెలుసు. పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను కూడా. కలిపాను. చిటుక్కుమని ఒక శబ్దం, కాలిన మెంతుల వాసన. వంటింట్లోంచి "ఏం మాడింది?" అని కేక. "జువాలజీ సారుదే" అన్నాను.

మర్నాడు గడియారం సెంటర్ దాటి, మాకు తెలిసిన మైక్‌సెట్ అన్న దగ్గరికి పోయాను. పెళ్లిళ్లకు, బోనాలకు, ఎలక్షన్లకు ఆయన హారన్లే. బల్ల మీద 250 వాట్ల అహూజా ఆంప్లిఫయర్ ఉంది. నా కళ్లు దాని మీదే ఉన్నాయి. ఆయన నా హెడ్‌ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎన్ని ఓములు సార్ ఇది?"

"యాభై."

"మా దాన్ల వెనుక నాలుగుంటది, ఎనిమిదుంటది, పదహారుంటది. ఊరంత తీగ గుంజేటందుకు నూరు వోల్టుల లైనుంటది. మీరు పొరపాటున ఆ నూరు వోల్టులకు తగిలిచ్చిన్రనుకో. లెక్క చెయ్యున్రి, ఫిజిక్స్ సారు గదా."

నూరు వర్గం పదివేలు, యాభైతో భాగిస్తే రెండు వందలు. ఒక వాటు చాలన్న వస్తువుకు రెండు వందల వాట్లు. నోట్లోనే లెక్క చేసుకుని గుటకేశాను.

"పాట రాదు సార్. పొగొస్తది" అని ఆయన చాయ్ తెప్పించాడు.

తర్వాత ఆయన చెప్పిన దారే పట్టాను. హైదరాబాద్ పోయి కోఠి గుజరాతీ గల్లీలో పాత స్టీరియో ఆంప్లిఫయర్ ఒకటి బేరమాడి తెచ్చాను. ఎనిమిది ఓముల స్పీకరుకు చెవికి నలభై వాట్లు ఇచ్చే రకం. అదే వోల్టేజీ 50 ఓముల మీద పడితే ఆరున్నర వాట్ల లోపే. చాలడమే కాదు, ఎక్కువే: గుండీ సగం తిప్పితే చెవులు శాశ్వతంగా సెలవు తీసుకుంటాయి. మైక్‌సెట్ అన్న నాలుగు తీగలూ విడివిడిగా లాగి, టంకం పెట్టి, స్పీకరు పిన్నులకు సరిపడా కేబుల్ చేసిచ్చాడు. పాత ఆంప్లిఫయర్ కదా, బుసబుస వినిపిస్తుందేమోనని భయపడ్డాను. వినపడలేదు. అంత చిన్న శబ్దానికి కదలాలంటే ఆ మొండిఘటానికి బద్ధకం. దాని మొద్దుతనం నాకు ఉపయోగపడింది అదొక్కచోటే.

ఎనిమిది కిలోల ఇనుప పెట్టె ఇంటికి రావడాన్ని "రిపేరయ్యిందో లేదో టెస్టు చెయ్యాలంటే కావాలె" అని సమర్థించుకున్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అననప్పుడే జాగ్రత్తపడాలని పద్దెనిమిదేళ్ల సంసారంలో నేర్చుకున్నాను, పాటించలేదు.

ఇంక మిగిలింది ప్యాడ్లు. చెవి చుట్టూ ఉండే మెత్తలే కదా అనుకుంటాం. పాట రుచి సగం అక్కడే ఉందని తెలిశాక నా పని అయిపోయింది. చెవికీ పొరకూ మధ్య ఉన్న గాలి ఒక గది. ఆ గది గోడలు ఆ మెత్తలు. గోడకు సందుంటే లోపలి అడుగు స్వరం జారిపోతుంది. పైగా నాకు కళ్లద్దాలు. ఆ కాడలు మెత్త కిందినుంచి పోయే చోట చిన్న సొరంగం. వేలితో అక్కడ నొక్కి పట్టుకుంటే కిన్నెర కింది సొరబుర్రలు గుమ్మంటాయి, వదిలితే వట్టి తీగలే మిగులుతాయి. ఒక సాయంత్రమంతా రెండు చెవుల దగ్గర రెండు వేళ్లు పెట్టుకుని కూర్చున్నాను. అది చూసి మా అమ్మాయి వాళ్లమ్మతో, "నాయినకు చెవిపోటు" అంది.

దానితోపాటు వచ్చిన వెలోర్ మెత్తలు, అంటే మఖ్మల్ లాంటివి, పాత యజమాని తలకింద నలిగి అప్పడాలయ్యాయి. వాటిని తీసి నకిలీ తోలువి పెట్టాను. సందు మూసుకుంది, అడుగు స్వరం వచ్చింది, పావుగంటలో చెవులు ఆవిరి కుడుములయ్యాయి. మా ఎండకు, చెమటకు ఆ పైపూత రెండు నెలల్లో నల్లటి పొలుసులుగా రాలి, గడ్డం పక్కన అంటుకోవడం మొదలైంది. నేను అలాగే క్లాసుకు వెళ్లిన రోజు కూడా ఉంది.

అప్పుడొచ్చింది ఆ ఆలోచన. నల్లగొండ పేరుతో ప్రపంచానికి తెలిసిన టెక్నిక్ ఒకటుంది: పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేది. రెండోది నా చేతుల మీదుగా పుడుతుందనిపించింది.

మా బీరువా అడుగున మామ ఇచ్చిన గొంగడి ఉంది. నల్ల గొర్రె ఉన్నితో పాలమూరు దిక్కు కురుమలు నేసిన అసలు సరుకు. చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టిన కొత్త గొంగడి, నిలబెడితే నిలబడేంత బిర్రుగా ఉంటుంది. వానకు కప్పుకోవచ్చు, చలికి కప్పుకోవచ్చు, పొలం గట్టున పరుచుకోవచ్చు. ఉన్ని కదా, గాలి ఆడుతుంది, చెమట పీలుస్తుంది, సహజం, స్వదేశీ. మా ఆవిడ పెళ్లికి పోయిన రోజు కత్తెర తీసి, ఒక మూల గుండ్రంగా రెండు చక్రాలు కోశాను. మధ్యలో చెవులకు బొక్కలు. లోపల స్పాంజి, చుట్టూ సూది దారం.

పది నిమిషాలు విన్నాను. ఉన్ని గాలి ఆడనిస్తుంది, నిజమే, గాలితో పాటు అడుగు స్వరాన్నీ ఆడనిచ్చింది. కిన్నెరకు బుర్రలు పీకేసినట్టయింది. ఇక గుచ్చుకోవడం సంగతి. కాపరి గొంగడిని భుజాన చొక్కా మీద వేసుకుంటాడు. చెవి వెనక పల్చటి చర్మానికి ఒత్తిపెట్టి కట్టుకోవాలన్న బుద్ధి వెయ్యేళ్లలో ఏ కురుమకూ పుట్టి ఉండదు. మర్నాడు స్టాఫ్‌రూములో నా చెవులు మందారాల్లా ఉన్నాయి. జువాలజీ సారే దగ్గరికొచ్చి చూసి, "ఏదో పురుగు ముట్టింది సార్" అని మందు పేరు రాసిచ్చాడు.

చివరికి సరిపోయినవి బయట తోలు, చెంపకు ఆనే చోట గుడ్డ ఉన్న రకం. వెనకవైపు కాస్త మందంగా, ఏటవాలుగా ఉంటాయి. పక్కగోడలు తోలువి కాబట్టి స్వరం జారదు, చర్మానికి తగిలేది గుడ్డ కాబట్టి చెవి ఉడకదు. కళ్లద్దాల కాడను ఆ మెత్తదనం మింగేసింది. ముందే అవి కొని ఉంటే గొంగడి దక్కేది.

అంతా కుదిరింది. మరుసటి ఆదివారం నేను కూరగాయలకని పోయి వచ్చేసరికి బల్ల మీద హెడ్‌ఫోన్ లేదు.

"జువాలజీ అన్న ఈడికెళ్లి పోతుంటే పిలిచిన" అంది మా ఆవిడ, నా చేతిలోని బెండకాయలు అందుకుంటూ. "నాలుగు నెలలాయె, పాపం అడగలేక ఊకుంటున్నడు. సంచిల పెట్టి, నాలుగు సకినాలు కూడ ఏసి ఇచ్చిన. రిపేరయింది తీస్కపోండ్రి అన్న."

"ఆయన ఏమన్నడు?"

"జరసేపు నా మొహం జూసిండు. సకినాలు జూసిండు. తీస్కపోయిండు."

సాయంత్రం ఫోను మోగింది. మా ఆవిడే ఎత్తి స్పీకరు నొక్కింది. "సార్, అదేందో గాని, రిపేరు సరిగ్గ కాలేదు. ఫోనుకు పెడితే దోమ పాడినట్టొస్తుంది. మా పిలగాడు మొబైల్ షాపుల ఇప్పిచ్చి చూపిస్త అంటుండు, ఇప్పమందునా?"

ఆయన ఇంటికి బండి మీద ఏడు నిమిషాలు పట్టాలి. నాలుగులో పోయాను.

తిరిగొచ్చి సంచి బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకున్నాను. ఆమె తన ఫోను నా ముందు పెట్టింది. మా జీతం ఖాతా మెసేజీలు పెళ్లయినప్పటి నుంచీ ఆమె నంబరుకే పోతాయి. పార్సిల్ వచ్చిన వారం పోయినవి ముప్పై ఎనిమిది వేలు. కోఠి పోయిన రోజువి వేరే. తోలు మెత్తలు, గుడ్డ మెత్తలు, బోర్డు, వరసగా ఉన్నాయి. ఫోను పక్కనే గొంగడి మడతపెట్టి ఉంది, కోసిన మూల పైకి కనిపించేట్టు.

"గా ఓనరు ఎవరో ఆయనకు చెప్పండ్రి" అంది, "ఫ్యాను మాత్రం ఇంక బందు కాదని."

ఫ్యాను ఐదు మీద తిరుగుతోంది. ఏమీ అనకుండా తీగలు తగిలించి, చెవులకు పెట్టుకుని, కిన్నెర పెట్టాను. రెక్కల సప్పుడు, దాని కింద సొరబుర్రల గుమ్ము. వంటింట్లో బెండకాయలు తరుగుతున్న కత్తి కాసేపు ఆగింది. తర్వాత కేక వినిపించింది:

"జర సౌండు పెంచున్రి, ఫ్యాను గాలికి ఈడికి మంచిగ వినవడ్తలేదు."