ఫ్లెక్సీ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "మేము అభివృద్ధికి వ్యతిరేకులం కాము. కానీ పాత ఫ్యాక్టరీ స్థలంలో టవర్లు మాత్రం వద్దు. ఇట్లు, కాలనీవాసులు."

అవతారిక: బాలానగర్ దాపున, మూతపడిన కార్ఖానా గేటు ముందు రెండు వేపచెట్లకు కట్టిన ఫ్లెక్సీ ఇది. ఒక మూల తాడు తెగింది. గాలి వీచినప్పుడల్లా 'వద్దు' మడతపడి 'వ' మాత్రమే కనిపిస్తుంది. దీన్ని పాఠాంతరంగా గ్రహించరాదు.

టీక: మేము = ముందే గృహప్రవేశం చేసినవారము. వీరి అపార్ట్‌మెంటూ ఒకప్పుడు రేకుల షెడ్డే. అప్పట్లో ఫ్లెక్సీలు లేవు. అభివృద్ధికి = సొంత ఫ్లాటు ధర పెరుగుటకు. పాత ఫ్యాక్టరీ స్థలంలో = రావిమొక్కలు మొలిచిన గోడలు, కుక్కల సంసారాలు, ఆదివారం క్రికెట్టు, పెళ్ళిళ్ళనాడు కార్ల బారు గల చోట. ఏళ్ల తరబడి దోమల దిబ్బ అని తిట్టిందే, సర్వే బృందం దిగిన నాడు కాలనీకి ఊపిరితిత్తి అయింది. మాత్రం = అవధారణార్థకం; వాక్యం బరువంతా దీనిమీదే. కాలనీవాసులు = ఓనర్లు. అద్దెకున్నవారిని అడగలేదు.

అలంకారం: అన్నమాటను తానే వెనక్కి లాగుట వల్ల ఆక్షేపాలంకారం.

విశేషం: 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హిల్ట్ విధానంతో ఔటర్ రింగ్ రోడ్డు లోపలా, దాని దాపునా ఉన్న 22 పారిశ్రామిక వాడల్లో దాదాపు 9,292 ఎకరాలను ఇళ్ళకూ ఆఫీసులకూ మార్చుకొనే దారి తెరిచింది. ఇరుగుపొరుగు తమ మాట ఎక్కడ చెప్పుకోవాలి? 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ 20 వేల చదరపు మీటర్లూ ఆపైనా ఉన్న కట్టడానికి ముందస్తు అనుమతి కావాలంటుంది. ప్రజాభిప్రాయ సేకరణ దగ్గర మాత్రం భవనాలను వదిలేసింది. మైకు అందనివాడు ఫ్లెక్సీ కడతాడు. ఆ మేరకు వ్యాఖ్యాత వీరి పక్షమే.

అయితే వీరి అర్జీలో నీడ ఉంది, పార్కింగు ఉంది, బోరునీళ్ళున్నాయి; మట్టి లేదు. లోహాలకు పూత పూసిన షెడ్ల కింద క్రోమియం, నికెల్ మిగిలిపోవచ్చు. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జూలైలో నిబంధనలు కూడా తెచ్చింది. మట్టి పరీక్ష అడుగుదామని అసోసియేషన్ మీటింగులో అన్నాను. సెక్రటరీ గారు గొంతు తగ్గించి, "సార్, మన కింద గూడ అదే మట్టి. రేట్లు పడిపోతయి" అన్నారు. మినిట్స్ పుస్తకంలో తరువాతి అంశం సంక్రాంతి ముగ్గుల పోటీ.

ఇచట గ్రంథపాతం.