రాహువుకు పావుగంట లేటు

గుర్రంకొండకు సొంత టైమంటూ ఉంటే అది దేశం టైముకు పావుగంట వెనకుంటుంది. మన గడియారాలన్నీ నడిచేది మీర్జాపూర్ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్క మీద. మా కొండేమో 78.6 దగ్గరుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, సూర్యుడు మా నడినెత్తికి చేరేసరికి సగటున పన్నెండూ పదహారవుతుంది. 1906 జనవరి 1 నుంచి ఈ ఒక్క టైము వచ్చింది గానీ, అంతకుముందు రైళ్లు నడిచిన మద్రాసు టైము దీనికన్నా తొమ్మిది నిమిషాలు వెనకుండేది. అందులో మాకు కాస్త న్యాయం జరిగేది. కాబట్టి మా ఊరివాళ్లు పెళ్లికి పావుగంట ఆలస్యంగా వస్తే దాన్ని ఆలస్యం అనకూడదు, రేఖాంశం అనాలి.

ఈ జ్ఞానమంతా ల్యాప్‌టాప్ గడియారం పెట్టిన భిక్ష. తెర పైపట్టీలో కుడిమూల టైము కనబడుతుంది కదా, దాని బదులు మనకు నచ్చినట్టు దిద్దుకునే గడియారాలు దొరుకుతాయి. సెలవులకొచ్చిన మేనల్లుడు అలాంటిదొకటి పెట్టిపోయాడు. నాకోసం కాదు, మా నాయన కోసం. డాలస్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేయాలంటే అక్కడ ఎంతైందో తెలియాలి. వేసవిలో పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. "ఏడాదికి రెండుమార్లు టైము మార్చుకునే దేశం, మనకు లెక్కలు నేర్పిస్తాదంట" అంటాడు నాయన.

మేనల్లుడు ఇంగ్లిష్‌లో డాలస్ అని రాసి, పక్కన టైము పెట్టాడు. చూస్తే ఊరిపేరు లేదు. 152 అనే అంకె, వెంట రెండు పీఎంలు, ఆ పక్కన టకటకా మారే ఇంకో నంబరు. నాయన కళ్లజోడు సవరించుకుని "ఇదేందిరా, బస్సు నంబరా?" అన్నాడు.

ఈ రకం గడియారాలకు ఇంగ్లిష్ అక్షరం కనబడితే అది ఆజ్ఞే. పెద్ద డి అంటే ఏడాదిలో ఎన్నో రోజు, చిన్న ఏ అంటే ఏఎమ్మా పీఎమ్మా, చిన్న ఎస్ అంటే సెకన్లు. పేరు పేరుగా రావాలంటే అటూ ఇటూ ఒంటి కొటేషన్ గుర్తులు పెట్టాలి. అంతకన్నా సులువు, తెలుగులో రాసేయడం. తెలుగక్షరాలు దాని ఆజ్ఞల పట్టికలో లేవు. తనకు తెలియనిదాన్ని కెలక్కుండా ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఈ మర్యాద ఆఫీసులో కొందరికి నేర్పితే బాగుండు.

ఇంకో తిరకాసు వై అక్షరంతో. చిన్న వై మామూలు సంవత్సరం, పెద్ద వై వారాల లెక్కన నడిచే సంవత్సరం. దాదాపు ఏడాదంతా రెండూ ఒకటే. ఆదివారంతో వారం మొదలయ్యే లెక్కలో, 2024 డిసెంబరు 29నే పెద్ద వై 2025 చూపించేస్తుంది. ఈ సంగతి చెబితే నాయన, "ఉగాది రాకముందే కొత్త సంవత్సరమంటారు. ఇప్పుడు అదీ రాకముందేనా?" అన్నాడు.

డాలస్ కుదిరాక అసలు కోరిక బయటికొచ్చింది.

"దాంట్లో టమోటా రేటు పడదా?"

"పడదు నాయనా."

"పోనీ, రాహుకాలం?"

చిన్న స్క్రిప్టు తగిలిస్తే అది పడుతుంది. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే మంగళవారం ఏడో భాగం రాహువుది. క్యాలెండర్లో అచ్చేసే మూడు నుంచి నాలుగున్నర, సూర్యుడు ఆరింటికి లేచి ఆరింటికి పడుకుంటాడనే వీలుబాటు లెక్క. స్క్రిప్టుకు మా ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చేసరికి మూడుంబావు దాటింది.

"అంటే రాహువు గూడా మనూరికి లేటుగానే వస్తాడా?" అన్నాడు నాయన. తనే మళ్లీ, "ఎర్రబస్సులో వస్తాంటాడేమోలే" అన్నాడు.

ఓ మంగళవారం మూడింటికి మీటింగ్. నా తెర అందరికీ చూపిస్తున్నాను. పైపట్టీలో రాహుకాలం చూసి తెలుగువాళ్లంతా చాట్‌లో పడ్డారు. తమ ఊరికెంత అని ఒకరి తర్వాత ఒకరు. హైదరాబాద్‌కు మాలాగే పదహారు నిమిషాల తేడా, గుంటూరుకు ఎనిమిది, కాకినాడకు ఒక్కటే. వైజాగ్‌కు మూడు నిమిషాలు ముందే దిగుతాడని తెలిసి అక్కడి అమ్మాయి బెంగపెట్టుకుంది. ఈ గోలేంటని అడిగిన మేనేజరుకు ఎవరో టైం జోన్ సమస్య అని చెప్పారు. ఆయన పెద్దమనసుతో మీటింగ్‌ను నాలుగున్నరకు మార్చుదామన్నాడు.

"ఇంకో పావుగంట ఆగమనరా!" అని నా వెనక నుంచి నాయన కేకేశాడు. నేను మ్యూట్‌లో లేను.