20 వేల డాలర్ల చీలిక

హమ్మయ్య! ముక్కలు చెక్కలు కావాల్సిన అమెరికా ఎలాగో గట్టెక్కింది. పట్టా పుచ్చుకున్న నల్లజాతి పిల్లలు విడిగా ఓ పూట చేరి, మెడలో ఆఫ్రికా నేత కెంటే కండువాలు వేసుకుని, అమ్మమ్మల పక్కన నిలబడి ఫొటోలు దిగే వేడుకకు హార్వర్డ్ ఇక పైసా ఇవ్వదు, చోటూ ఇవ్వదు. 2025 ఏప్రిల్లో ఆ మాట చెప్పేసి, పనిలో పనిగా వైవిధ్య కార్యాలయం బోర్డు కూడా మార్చేసింది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ అంతకు ముందే ఈ పుణ్యం కట్టుకుంది. అలబామా యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థి సంఘం గది 2024లోనే పోయింది. జాతీయ సమైక్యత వర్ధిల్లుతోంది.

ఎన్నారై వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే ఆనందం. ‘మెరిట్ గెలిచింది’ అని ఒకరు, ‘ఎన్నాళ్లకు న్యాయం జరిగింది’ అని ఇంకొకరు. ఎవరికి అన్యాయం జరుగుతుండేదో మాత్రం ఎవరూ చెప్పరు.

ఎందుకంటే చెప్పడానికేమీ లేదు. ఆ వేడుక అసలు స్నాతకోత్సవానికి బదులుగా జరిగేది కాదు. అందరూ ఒకే మైదానంలో, ఒకే గౌను వేసుకుని, ఒకే ఉపన్యాసానికి ఆవలించి పట్టా తీసుకుంటారు. ఇది దానికి తోడు జరిగేది, ఇష్టమైతే వెళ్లేది. 2021లో ఇలాంటి వేడుకల మీదే టీవీ చానళ్లు గగ్గోలు పెడితే, అవి ప్రధాన ఉత్సవానికి అదనం మాత్రమేనని, ఎవరైనా రావచ్చని కొలంబియా యూనివర్సిటీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. విన్నవాళ్లు లేరు. ఇలాంటివి జాతుల్ని విడదీస్తున్నాయంటూ 2025 ఫిబ్రవరి 14న విద్యాశాఖ దేశంలోని యూనివర్సిటీలన్నిటికీ హెచ్చరిక లేఖ పంపింది. ఆగస్టులో ఫెడరల్ కోర్టు ఆ లేఖను కొట్టేసింది. అయితేనేం, అప్పటికే చాలాచోట్ల పని పూర్తయింది.

హార్వర్డ్‌లో చీలిక తేని సంప్రదాయాలు కూడా ఉన్నాయి. ప్రవేశాల మీద జరిగిన కేసులో ఆ సంస్థ లెక్కలు బయటపడ్డాయి. పూర్వ విద్యార్థుల పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి సీటు దొరికితే, మిగతా వాళ్లలో 6 శాతం లోపే. సీటొచ్చిన తెల్లజాతి విద్యార్థుల్లో 43 శాతానికి పైగా క్రీడాకారులో, పూర్వ విద్యార్థుల పిల్లలో, అధ్యాపకుల పిల్లలో, డీన్ ప్రత్యేక జాబితాలోకి ఎక్కిన వాళ్లో అని ఆ లెక్కలు తిరగేసిన ఆర్థికవేత్తలు తేల్చారు. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు జాతి ప్రాతిపదికను రద్దు చేసింది. తండ్రి ప్రాతిపదిక జోలికి మాత్రం పోలేదు. తాత చదివిన కాలేజీలో మనవడికి సీటిస్తే అది వారసత్వం, తాతను గేటు లోపలికి రానివ్వని కాలేజీలో మనవరాలు కండువా వేసుకుంటే అది వేర్పాటువాదం.

రక్షణశాఖ హడావిడి ఇంకో రకం. 2025 జనవరి 31న శ్వేతసౌధం నుంచి నల్లజాతి చరిత్ర మాసం జరుపుకోమని అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. అదే రోజు పెంటగాన్ నుంచి ఇలాంటి మాసాలన్నీ చచ్చిపోయాయని ఇంకో ప్రకటన వచ్చింది. డ్యూటీ వేళలు అయ్యాక సొంతంగా జరుపుకుంటే తప్పులేదట. తర్వాత వెబ్‌సైట్ల ప్రక్షాళన మొదలైంది. బేస్‌బాల్ వీరుడు, మాజీ సైనికాధికారి జాకీ రాబిన్సన్ పేజీ మాయమై, గోల లేచాక తిరిగొచ్చింది. తొలగించాల్సిన ఫొటోల జాబితాలోకి హిరోషిమా మీద బాంబు వేసిన విమానం ‘ఎనోలా గే’ కూడా ఎక్కింది. పైలట్ తన తల్లి పేరు పెట్టుకున్నాడు పాపం. పేరు చివర ‘గే’ ఉంది కదా!

ఇవన్నీ ఒక ఎత్తు. అట్లాంటాలో జరిగింది ఒక ఎత్తు.

అక్కడ ఫియర్‌లెస్ ఫండ్ అనే సంస్థ ఉంది. నల్లజాతి మహిళలు పెట్టింది. చిన్న వ్యాపారాలు నడిపే నల్లజాతి మహిళలకు పోటీ పెట్టి, నెగ్గినవారికి 20 వేల డాలర్ల గ్రాంటు ఇచ్చేది. 2022లో అమెరికాలో వెంచర్ క్యాపిటల్ సంస్థలు పంచిన సొమ్ము 20 వేల కోట్ల డాలర్లకు పైనే. అందులో నల్లజాతి మహిళల వ్యాపారాలకు ముట్టింది 1 శాతం కూడా లేదు. ఆ 99 శాతం చోట ఎవరికీ వివక్ష కనబడలేదు. 20 వేల డాలర్ల దగ్గర కనబడింది. 2023 ఆగస్టులో కేసు పడింది. వేసింది ఎడ్వర్డ్ బ్లమ్ నడిపే సంస్థ, అంటే హార్వర్డ్ మీద గెలిచిన కేసు వెనకున్న పెద్దమనిషే. అన్యాయమైపోయిన వ్యాపారులు ఎవరయ్యా అంటే ఓనర్ ఏ, ఓనర్ బీ, ఓనర్ సీ. కోర్టు కాగితాల్లో వాళ్ల పేర్లు అంతే.

కేసు వేసింది ఏ చట్టం కిందనో చూడాలి. 1866 పౌర హక్కుల చట్టం.

అంతర్యుద్ధం 1865లో ముగిసింది. ఓడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు ఆ ఏడు తిరక్కుండానే ‘బ్లాక్ కోడ్స్’ అని చట్టాలు రాసుకున్నాయి. మిసిసిపీలో విడుదలైన బానిస ప్రతి జనవరిలో తనకు పని ఉందని రాతపూర్వకంగా చూపించాలి, లేకపోతే దేశదిమ్మరి కింద పట్టుకుపోతారు. సౌత్ కరొలైనాలో నల్లవాడు సేద్యమో ఇంటి చాకిరీయో కాక మరో పని చేయాలంటే జడ్జి దగ్గర లైసెన్సు తెచ్చుకోవాలి. దుకాణం పెట్టుకోవాలంటే ఏడాదికి 100 డాలర్లు కట్టాలి. నిన్నటిదాకా కూలి అన్నదే ఎరగని మనిషి 1865లో 100 డాలర్లు ఎక్కణ్ణించి తెస్తాడు? ఈ దుర్మార్గాన్ని తుంచడానికే పుట్టింది ఆ చట్టం. తెల్లవాడికి ఒప్పందాలు చేసుకునే హక్కు ఎంత ఉందో నల్లవాడికీ అంతే ఉంటుందని చెప్పింది.

దాన్ని అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ 1866 మార్చి 27న వీటో చేశాడు. కారణం? ఈ బిల్లు తెల్లవారికి వ్యతిరేకంగా, నల్లవారికి అనుకూలంగా వివక్ష చూపుతోందట! కాంగ్రెస్ ఏప్రిల్ 9న ఆ వీటోను తోసిపుచ్చి చట్టం చేసింది. అంటే ఈ వాట్సాప్ వాదన కొత్తది కాదు, దానికి నూట అరవై ఏళ్లు. అప్పుడు ఓడిపోయింది. ఇప్పుడు తమాషా చూడండి. నల్లవాళ్లు దుకాణాలు పెట్టుకోవాలని తెచ్చిన చట్టాన్ని పట్టుకెళ్లి, నల్లవాళ్ల దుకాణాలకిచ్చే గ్రాంటును ఆపమన్నారు. 2024 జూన్ 3న అప్పీలు కోర్టు 2-1తో సరేనంది. సెప్టెంబర్లో రాజీ కుదిరి పోటీ మూతపడింది. సౌత్ కరొలైనా జడ్జీలకు ఈ ఉపాయం తట్టి ఉంటే ఆ 100 డాలర్ల లైసెన్సు అవసరమే పడేది కాదు.

ఆ చట్టం తెల్లవారికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది కదా అని లాయర్లు అంటారు. చెప్పింది. ఆ కేసు ఉద్యోగాల్లోంచి తీసేసిన ఇద్దరు తెల్ల కార్మికులది. బతుకుతెరువు పోయినవాడూ, పోటీలో పాల్గొననివ్వలేదని అలిగిన ఓనర్ బీ ఒకటేనా? పుట్టుక చూసి తలుపు తెరవడం తప్పు కాదా అన్న ప్రశ్న మంచి ప్రశ్నే. కానీ దాన్ని మొదట అడగాల్సింది 20 వేల కోట్ల డాలర్ల తలుపు దగ్గర. అక్కడ అడగరు. అక్కడున్న వాళ్లు తమకు తెలిసిన వాళ్లకిస్తారు, తమ కాలేజీ వాళ్లకిస్తారు, తమలాగా మాట్లాడే వాళ్లకిస్తారు, దానికి పేరు ‘నెట్‌వర్కింగ్’. వీటిలో ఏ ఒక్కదాని మీదా కేసు పడదు. బలహీనుడు తన వాళ్లను పోగేసుకుంటే మాత్రం పట్టుకుంటారు, ఎందుకంటే అతను ఆ పని బోర్డు పెట్టి, పదిమందికీ చెప్పి చేస్తాడు. ఇది సిగ్గుమాలిన పని. దీన్ని సమానత్వం అనడం ఇంకా సిగ్గుమాలిన పని.

ఎంఐటీలో మొదటి ఏడాది విద్యార్థుల్లో నల్లజాతి వాళ్లు ఇటీవలి ఏళ్లలో సగటున 13 శాతం ఉండేవారు. సుప్రీంకోర్టు తీర్పు తర్వాతి బ్యాచ్‌లో 5 శాతం. ‘విభజన’ తగ్గడమంటే ఇదే కాబోలు.

కార్పొరేట్ సాధికారత ఉత్సవాలను వెనకేసుకురావాలని ఇక్కడ ఎవరికీ ముచ్చట లేదు. బానిసత్వం పోయినందుకు గుర్తుగా జరుపుకునే జూన్ 19 పేరిట 2022లో వాల్‌మార్ట్ ఐస్‌క్రీమ్ డబ్బాలు అమ్మకానికి పెట్టి, తిట్లు తిని వెనక్కి తీసుకుంది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత కన్నీళ్లు పెట్టుకున్న కంపెనీలు 2025 జనవరికల్లా కళ్లు తుడుచుకుని పాత లెక్కలు తెరిచాయి. ఆ ఉత్సవాలు పోతే పోయాయి. పిల్లల కండువాల వేడుకను, ఆడవాళ్ల గ్రాంటును ఆ ఐస్‌క్రీమ్‌తో కలిపి చెత్తబుట్టలో వేయడం దగ్గరే ఒళ్లు మండేది.

ఇక మనవాళ్ల సంబరం సంగతి. అమెరికాలో భారతీయుడు తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వానికి పనికిరాడని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో దయతలచి ఏడాదికి 100 మందిని రానిచ్చారు. తలుపు బార్లా తెరిచింది 1965 వలస చట్టం. అది ఊరికే రాలేదు. నల్లజాతి జనం దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి సాధించిన 1964 పౌర హక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం ఊపులో వచ్చింది. ఆ తలుపులోంచి వచ్చిన డాక్టర్ల, ఇంజనీర్ల పిల్లలు, ఆ తర్వాత హెచ్-1బీ మీద దిగిన వాళ్లు ఇప్పుడు నల్లవాళ్ల గ్రాడ్యుయేషన్ పార్టీ మీద తీర్పులు చెబుతున్నారు. ఏరు దాటి తెప్ప తగలేయడం తెలుగువాడికి ఒకరు నేర్పాలా!

పోనీ మనం గుంపులు కట్టని జాతా అంటే, 1977లో న్యూయార్క్‌లో తొలి తెలుగు మహాసభలు జరిగిన నాటి నుంచి మనకు తెలిసిన పని అదొక్కటే. ఇప్పుడు రెండేళ్లకోసారి కన్వెన్షన్ సెంటర్లు అద్దెకు తీసుకుని సభ పెడతాం. అందులో మళ్లీ ఫలానా జిల్లా ఆత్మీయ సమ్మేళనం, ఫలానా కాలేజీ పూర్వ విద్యార్థుల విందు, పెళ్లి సంబంధాలకు పరిచయ వేదిక. పైగా సంఘం ఒకటి కాదు. ఎందుకిన్ని అయ్యాయో ఇంటిపేర్లు తెలిసిన ఎవరైనా చెప్పగలరు. ఏ సభలో ఏ హీరో అభిమానులు ఈలలు వేస్తారో కూడా చెప్పగలరు. తెలుగువాళ్లు ఒకచోట చేరితే తెల్లవాళ్లకు అన్యాయమని ఏ ఓనర్ ఏ ఇంతవరకూ కోర్టుకెక్కలేదు. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తుంటే మాత్రం, మమ్మల్ని వేలెత్తి చూపిస్తున్నారని అడ్డుపడ్డవాళ్లలో భారతీయ సంఘాలే ముందున్నాయి.

వీటన్నిటికంటే రుచికరమైన సంగతి 1982 నాటిది. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో వెనుకబడిన మైనారిటీలకు వాటా ఇచ్చే ‘8(ఏ)’ పథకం ఒకటుంది. అమెరికా చిన్న వ్యాపారాల సంస్థ నడుపుతుంది. నల్లజాతి వాళ్లు ఉన్న ఆ జాబితాలో మా పేరూ చేర్చండి మహాప్రభో అని భారతీయ సంఘం ఒకటి అర్జీ పెట్టుకుంది. మేమూ వివక్షకు గురైన వాళ్లమేనని వాదించి, ఆ ఏడాదే చేర్పించుకుంది. అప్పుడు మెరిట్ గుర్తుకు రాలేదు, విభజనా గుర్తుకు రాలేదు. ఆ జాబితా పుణ్యాన నాలుగు దశాబ్దాల పాటు భారతీయ కంపెనీలకు ఫెడరల్ కాంట్రాక్టుల దారి సులువైంది.

సుప్రీంకోర్టు హార్వర్డ్ తీర్పు ఇచ్చిన నెల తిరక్కుండానే, 2023 జులై 19న, టెన్నెసీలో ఒక ఫెడరల్ జడ్జి ఆ తీర్పునే చూపించి 8(ఏ) పథకం మీద వేటు వేశాడు. ఫలానా జాతి కాబట్టి వెనుకబడినట్టే అని ఇక అనుకోవడానికి వీల్లేదన్నాడు. దాంతో జాబితాలో ఉన్న ప్రతి యజమానీ తాను అమెరికాలో ఎప్పుడు, ఎక్కడ, ఎలా వివక్షకు గురయ్యాడో సొంత కథ రాసి, ప్రభుత్వానికి సమర్పించుకోవాల్సి వచ్చింది. వాట్సాప్‌లో ‘మెరిట్ గెలిచింది’ అని రాసిన చేత్తోనే, మూడు బెడ్‌రూముల ఇల్లు అమ్మి అయిదు బెడ్‌రూముల ఇల్లు కొన్నప్పుడు పక్కింటివాడు తన వైపు అదోలా చూశాడని రాయాలి. చేతిరాత బాగుండాలి. సంతకం కింద తేదీ వేయడం మరచిపోకూడదు.