వాసన చూసి కొన్న రోజులు

మా మనవడు ఆదివారం తెల్లవారుజామున మూడింటికే లేస్తాడు. చదువుకోడానికీ కాదు, తోటకి నీళ్ళు కట్టడానికీ కాదు. హొసకోటలో దమ్ బిరియానీ తినడానికి. ఆ చీకట్లోనే పోయి వరసలో నిలబడకపోతే అయిపోతుందట. "ఒరే, ఆ హొసకోట కోట 1595లో కట్టించింది మన సుగటూరు పాలెగాడు తమ్మేగౌడే" అన్నాను. "అయితే మనల్ని వరసలో ముందుకి పంపాలి కదా తాతా" అన్నాడు.

మా రోజుల్లో ఆ జామున లేచేది అనపకాయ కోతకి. పుష్యమాసం మంచులో తడిసిన కాయని తెంపితే వేళ్ళకి జిడ్డు అంటుకునేది. ఆ వాసనని మా పక్క సొగడంటారు. సంతలో మా అమ్మ ధర అడిగే ముందు కాయ ముక్కు దగ్గర పెట్టుకునేది. సొగడు లేకపోతే ఊరికే ఇచ్చినా తట్టలోకి వేసేది కాదు. ఒలిచిన గింజలు నానబెట్టి, దీపాలు పెట్టే వేళకి ఇంటిల్లిపాదీ గిన్నె చుట్టూ చేరి పితికేవాళ్ళం. రెండు వేళ్ళ మధ్య నొక్కితే తోలు చేతిలో మిగిలేది, పప్పు ఎగిరి ఎవరి ఒళ్ళోనో పడేది. ఊళ్ళో ఎవరి కోడలు అలిగిందో, ఎవరి ఆవు ఈనిందో అన్నీ ఆ గిన్నె దగ్గరే తెలిసేవి. తర్వాత పితికిపప్పు పులుసు, అందులోకి పొగలు కక్కే రాగిముద్ద. ముద్దని నమలకూడదు. తుంచి, పులుసులో పొర్లించి, మింగెయ్యాలి.

ఇప్పుడు పితికిన పప్పే ప్యాకెట్లో వస్తోంది. సంచి విప్పితే ప్లాస్టిక్ వాసన. జనవరిలో బెంగళూరు అవరేబేళె మేళాకి పోయి మావాడు ఫోటో పంపాడు, అనపగింజల జిలేబీ అట. జిలేబీ!

అంతా బంగారమేమీ కాదులెండి. వరి అన్నం పండగకే. ఓళిగలకి పప్పు ఉడికించి వార్చిన కట్టుతో చేసే సారు కోసమే ఉగాది ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళం. పాతరలో రాగులు అడుగంటితే ముద్ద కూడా చిన్నదయ్యేది. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరమన్నాక మావాడు బెంగళూరులో ఓ పెద్ద హోటలుకి తీసుకుపోయాడు. తెల్లని పళ్ళెంలో నిమ్మకాయంత రాగిముద్ద, పైన కొత్తిమీర ఆకు. మా ఇంట్లో అంత ముద్ద చంటిపిల్లకి పెడతాం.

తాగుడు సంగతీ చెప్పాలి. మాకు చెరువు కట్ట మీది ఈత చెట్ల కల్లు ఉండేది. పొద్దున దించింది పొద్దునే తాగాలి, మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది. సారాయి వేరే కథ, ఇళ్ళు ముంచింది. 2007లో సర్కారు దాన్ని మూసేసినప్పుడు మా వీధి ఆడవాళ్ళు సంతోషించారు, నేనూ సంతోషించాను. అయితే అదే ఏడు అదే సర్కారు వైను పాలసీ తెచ్చింది. రైతు ద్రాక్షకి మంచిదేనంటారు. కాదనను. బీదవాడి సీసా చెడ్డదీ, కారులో వచ్చినవాడి సీసా సంస్కృతీ ఎట్లయిందో మాత్రం నాకెవరూ చెప్పలేదు.

మొన్న నంది కొండ కింది తోటల వైనంటూ మావాడు ఒక సీసా తెచ్చాడు. గ్లాసులో రెండు గుక్కలు పోసి, గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికి దూర్చాడు. "మిరియం వాసన తెలుస్తోందా తాతా? చెక్క వాసన?"

గ్లాసు తీసుకుని నేనూ ముక్కు పెట్టాను. "కాయ పండే ముందు వాన పడినట్టుందిరా" అన్నాను.

వాడు సీసా తిప్పి చీటీ మీద వెతుకుతున్నాడు, అక్కడెక్కడైనా రాసుందేమోనని.